ఇంటి యాంప్లిఫయర్: వేడిని వదిలించుకున్న యంత్రం

ఫోను నుంచి గానీ సీడీ ప్లేయరు నుంచి గానీ వెలువడే విద్యుత్ సంకేతం స్పీకరులోని కాగితపు శంకువును కదిలించలేనంత బలహీనమైనది. దాని రూపం చెడకుండా బలాన్ని మాత్రం పెంచి స్పీకరుకు అందించే పరికరం యాంప్లిఫయర్ కాగా, కుడి ఎడమ స్పీకర్లకు రెండు వేర్వేరు దారుల్లో ఈ పని చేసేది స్టీరియో యాంప్లిఫయర్. లోతుగా చూస్తే యాంప్లిఫయర్ సంకేతాన్ని సాగదీయదు, గోడ ప్లగ్గు నుంచి తీసుకున్న శక్తిని సంకేతం ఆడించినట్లు స్పీకరుకు వదులుతుంది. ఆ క్రమంలో స్పీకరుకు చేరని శక్తి అంతా వేడిగా మారుతుంది. ఈ వేడిని తగ్గించడానికి దాదాపు ఒక శతాబ్దం పాటు జరిగిన కృషిలో ఈ యంత్రం చరిత్ర చాలావరకు ఇమిడి ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వేతో ఎదిగి నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తరాలుగా తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఆ ఊరి అంచున, మోప్కా వంటి పేటలో చిన్న గదికి చిన్న యాంప్లిఫయర్ కొనదలచినవారికి ఈ చరిత్ర నేరుగా ఉపయోగపడుతుంది.

1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఒక గాజు వాల్వులో వేడెక్కిన తీగకు, లోహపు పలకకు నడుమ గ్రిడ్ అనే మూడవ తీగను అమర్చాడు. ఆ గ్రిడ్‌పై పడిన స్వల్ప వోల్టేజి, పలక వైపు సాగే పెద్ద విద్యుత్ ప్రవాహాన్ని అదుపు చేయగలదని కొన్నేళ్లకు స్పష్టమైంది. 1915లో న్యూయార్క్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య టెలిఫోను మాటను మోసినవి ఈ వాల్వులే. అయితే వాల్వు బలంతో పాటు వక్రీకరణను, అంటే మూలంలో లేని స్వరాలను కూడా జోడించేది. 1927లో బెల్ లేబరేటరీస్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్, హడ్సన్ నది దాటించే పడవలో ప్రయాణిస్తూ దినపత్రిక పుటపై దీనికి మార్గం గీసుకున్నాడు: ఫలితంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి ప్రవేశం వద్దకు తిరిగి పంపితే, యంత్రం తన తప్పును తానే దిద్దుకుంటుంది. రుణాత్మక పునర్నివేశం అని పిలిచే ఈ పద్ధతి లేని యాంప్లిఫయర్ నేడు అరుదు. రెండు స్పీకర్ల స్టీరియో శబ్దానికి ఆలన్ బ్లమ్లైన్ 1931లో ఇంగ్లండులో పేటెంటు కోరినా, స్టీరియో రికార్డులు బజారుకు చేరడానికి 1958 వరకు పట్టింది.

1947 చివర్లో పుట్టిన ట్రాన్సిస్టర్ వాల్వులోని ఎర్రటి తీగను తొలగించింది గానీ, యాంప్లిఫయర్ వేడిని పూర్తిగా తొలగించలేదు. ట్రాన్సిస్టర్‌ను ఎల్లవేళలా పెద్ద ప్రవాహంతో నడిపే ‘క్లాస్ ఎ’ పద్ధతిలో పాట లేకపోయినా పెట్టె కాలుతూనే ఉంటుంది. తరంగంలోని పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది సగాన్ని మరొకటి పంచుకునే ‘క్లాస్ బి’ పద్ధతిలో సామర్థ్యం సిద్ధాంతరీత్యా గరిష్ఠంగా 78.5 శాతం, అదీ నిండు శబ్దం వద్ద మాత్రమే. ఈ రెంటి మధ్యస్థమైన ‘క్లాస్ ఎబి’ యాంప్లిఫయర్లు దశాబ్దాల పాటు ఇళ్లను ఏలాయి. వాటిలో 1978 నాటి ఎన్‌ఏడీ 3020 ప్రత్యేకంగా తలచుకోదగినది. ఒక్కో స్పీకరుకు 20 వాట్లే ప్రకటించిన ఆ సాదా పెట్టె, వాట్ల సంఖ్య కంటే వాటి నాణ్యత ముఖ్యమని లక్షలాది శ్రోతలకు చూపింది.

అసలు మలుపు ‘క్లాస్ డి’తో వచ్చింది. ఇందులో ట్రాన్సిస్టర్ సగం తెరిచిన స్థితిలో దాదాపు ఉండదు: పూర్తిగా తెరిచినప్పుడు దానిపై వోల్టేజి దాదాపు ఉండదు, పూర్తిగా మూసినప్పుడు ప్రవాహం ఉండదు, కనుక రెండు స్థితుల్లోనూ వేడి స్వల్పం. సెకనుకు లక్షల సార్లు తెరుచుకుని మూసుకునే ఈ మీట, సంకేతం పెరిగిన చోట ఎక్కువసేపు, తగ్గిన చోట తక్కువసేపు తెరిచి ఉంటుంది. ఆ పల్సుల సగటును ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్ కలిసి నునుపు చేసి పాటగా స్పీకరుకు అందిస్తాయి. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అనే ఈ సూత్రం రైల్వే ఊరికి బాగా పరిచయమైనదే. భారతీయ రైల్వేలకు 1996లో వచ్చిన డబ్ల్యూఏజీ-9 తరగతి గూడ్సు ఇంజన్లు, పై తీగలోని 25,000 వోల్టుల విద్యుత్తును ముందు తగ్గించి, ఏకదిశా విద్యుత్తుగా మార్చి, దానిని ఇదే విధంగా పల్సులుగా తరిగి, మోటార్లకు కావలసిన మూడు ఫేజుల విద్యుత్తును తయారుచేస్తాయి. బొగ్గు బళ్లను లాగే 6,120 అశ్వశక్తుల యంత్రం, అరచేతిలో ఇమిడే పాటల పెట్టె ఒకే ఆలోచనపై నడవడం ఇంజనీరింగులోని గొప్ప సౌందర్యాలలో ఒకటి.

ఆలోచన పుట్టగానే ఫలించలేదు. 1964లో క్లైవ్ సింక్లెయిర్ ఇంగ్లండులో అమ్మిన ఎక్స్-10 అనే క్లాస్ డి కిట్, ఆనాటి ట్రాన్సిస్టర్ల వేగం చాలక విఫలమైంది. వేగవంతమైన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు వచ్చాక, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన ఆద్య త్రిపాఠీ అమెరికాలో స్థాపించిన ట్రైపాత్ సంస్థ, 1998లో టీఏ2020 అనే చిప్‌తో చవకైన చిన్న యాంప్లిఫయర్‌కు దారి తెరిచింది. ఆ సంస్థ నిలవలేదు, దారి నిలిచింది. నేడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థల చిప్‌లు అదే దారిలో 90 శాతం వరకు సామర్థ్యంతో పనిచేస్తున్నాయి.

కొనేటప్పుడు పెట్టెపై ఉన్న వాట్ల అంకెను నమ్మడం కంటే అడాప్టరు మీది అంకెలను గుణించడం మేలు. అడాప్టరు 24 వోల్టులు, 3 ఆంపియర్లది అయితే అది నిలకడగా ఇవ్వగలిగేది 72 వాట్లు. దానితో నడిచే పెట్టెపై ‘100+100’ అని రాసి ఉంటే, పాటలోని క్షణకాలపు ఉవ్వెత్తులను కెపాసిటర్లు ఆదుకున్నా, ఆ మాట నిలవదు. ప్రకటించిన శక్తి ఎంత వక్రీకరణ వద్ద కొలిచినదో కూడా చూడాలి, ఎందుకంటే 10 శాతం వద్ద కొలిచిన వాట్లు చెవికి పనికిరాని వాట్లు. శక్తి రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్‌లే కాబట్టి, ఒక వాటుకు 88 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకరుకు పన్నెండు అడుగుల గదిలో 20 శుభ్రమైన వాట్లు ధారాళంగా సరిపోతాయి; మిగిలిన డబ్బును స్పీకర్లపై పెట్టడమే వివేకం.

తెలుగు శ్రోతకు మరొక పరీక్ష అందుబాటులో ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు ఒకే మార్గంలో ముద్రించిన మోనో పాటలు. వాటి అసలు మోనో ముద్రణను స్టీరియో యాంప్లిఫయర్‌లో పెట్టినప్పుడు ఘంటసాల, లీలల గొంతులు రెండు స్పీకర్లకు సరిగ్గా నడిమధ్య నుంచి వినిపించాలి. వాల్యూమ్‌ను బాగా తగ్గించినప్పుడు ఆ గొంతులు ఒక పక్కకు జరిగితే, వాల్యూమ్ మరలోని రెండు నిరోధ పట్టాలు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదని అర్థం. చవక పెట్టెల్లో తరచుగా కనిపించే ఈ లోపం, ఇల్లంతా నిద్రపోయాక తక్కువ శబ్దంతో వినేవారినే ఎక్కువగా బాధిస్తుంది కనుక, దుకాణంలో గట్టిగా వినిపించే పాటతో తృప్తిపడకుండా మరను అట్టడుగుకు తిప్పి వినాలి. లోపం కనిపిస్తే, పట్టాలే లేని డిజిటల్ వాల్యూమ్ ఉన్న నమూనాను అడగాలి.