డప్పు దరువు - డ్రమ్ మెషీన్: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల లయ పరిశీలన

1. ప్రవేశిక:

2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు తాళవాద్యాలకు నెలవులు. ఊరూరా మోగే డప్పు, ఒగ్గుకథకుల డోలు, కోయల డోలి ఇక్కడి లయసంపదకు ఆధారాలు. నేడు పెళ్ళి ఊరేగింపులలోను, జాతరలలోను జానపదగీతాలు డీజే పెట్టెల ద్వారా వినిపిస్తున్నాయి. వాటిలోని లయను చాలావరకు కంప్యూటరులో కూర్చుతున్నారు. ఈ కూర్పులో స్థానిక దరువు ఎక్కడ మారుతుందో, దానిని ఎలా నిలుపుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దరువు - అర్థం:

డప్పుపై పలికే లయవిన్యాసాన్ని దరువు అంటారు. చావుకు, పెళ్ళికి, జాతరకు, చాటింపుకు వేరువేరు దరువులు ఉన్నాయి. దూరాన ఉన్నవారు సైతం దరువును బట్టి సందర్భాన్ని గుర్తిస్తారు. కాబట్టి దరువు కేవలం పాటకు తోడు కాదు, అది ఊరికి అందే సమాచారం. అన్ని సందర్భాలకూ ఒకే లయ స్థిరపడితే ముందుగా నష్టపోయేది ఈ సమాచారమే.

3. యంత్రం పనితీరు:

1980లో వెలువడిన రోలాండ్ టీఆర్-808 ధ్వనులను విద్యుత్ వలయాల ద్వారా పుట్టించింది. అదే ఏడాది వచ్చిన లిన్ ఎల్ఎం-1 నిజమైన డ్రమ్ముల ధ్వనిముద్రణలను వాడింది. 808లో 16 మీటలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క మీట ఒక అడుగు. నాలుగు బీట్లను నాలుగేసి అడుగులుగా విభజించడం ఇందులోని సాధారణ అమరిక. ఇది చతురశ్రగతి. నేటి సాఫ్ట్‌వేర్లలోనూ ఈ 16 అడుగుల చట్రమే తరచుగా మొదట ఎదురవుతుంది.

4. గతిభేదం - లెక్క:

తెలంగాణ జానపదగేయాలలో తిశ్రగతి విరివిగా కనిపిస్తుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఒక బీటు 500 మిల్లీసెకన్లు. "తకిట" అనే మూడు దెబ్బలు 0, 167, 333 మిల్లీసెకన్ల వద్ద పడాలి. చతురశ్ర చట్రంలో ఉన్న స్థానాలు 0, 125, 250, 375 మాత్రమే. దగ్గరి అడుగుకు సర్దినప్పుడు రెండవ దెబ్బ 42 మిల్లీసెకన్లు ముందుకు, మూడవది అంతే వెనుకకు జరుగుతాయి. సమానంగా ఉండవలసిన ఎడాలు 125, 250, 125గా మారి నడక కుంటుతుంది.

ఈ లోపం యంత్రానిది కాదు. 808లోనే తిశ్రవిభజనకు, చివరి అడుగును మార్చుకోవడానికి సదుపాయం ఉంది. నాలుగు బీట్ల తిశ్రానికి 12 అడుగులు, ఏడు మాత్రల మిశ్రానికి 14 అడుగులు పెట్టుకుంటే దరువు తన స్థానంలో నిలుస్తుంది. 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 బీటును 96 భాగాలుగా విభజించింది. దీనివల్ల అడుగుకు కొంచెం ముందో వెనుకో దెబ్బ వేయడం సాధ్యమైంది.

5. వేగం - నాదం:

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య వంటి కళాకారులు ప్రసిద్ధికి తెచ్చిన ఒగ్గుకథలో డోలు కథను అనుసరిస్తుంది. ఘట్టాన్ని బట్టి లయవేగం పెరుగుతుంది, తగ్గుతుంది. ప్రోగ్రామింగులో ఒకే వేగాన్ని స్థిరపరిస్తే కథాగమనానికి చోటుండదు. వేగాన్ని ఘట్టాలవారీగా మార్చుకోవాలి.

డప్పును నిప్పుసెగకు కాచి వాయిస్తారు. తోలు బిగిసినకొద్దీ నాదం హెచ్చుతుంది. సెగ చల్లారితే తగ్గుతుంది. ఒకే దెబ్బను ముద్రించి మళ్ళీమళ్ళీ వాడితే ఈ భేదం మాయమవుతుంది. ప్రతి దెబ్బకూ పలు ముద్రణలు తీసుకొని మార్చిమార్చి వాడాలి. మిడి పద్ధతిలోని 1 నుంచి 127 వరకు ఉన్న తీవ్రతాస్థాయిలను కూడా వినియోగించుకోవాలి.

6. ముగింపు:

* దరువు మారడానికి కారణం డ్రమ్ మెషీన్ కాదు, దాని తొలి అమరికను మార్చకపోవడం.
* గతి, వేగం, నాదం అనే మూడింటినీ దరువును బట్టి నిర్ణయించాలి.
* ఏ దరువు ఏ సందర్భానిదో చెప్పగలిగేది వాద్యకారుడే. ధ్వనిముద్రణకే పరిమితం చేయక, కూర్పులోనూ అతనికి స్థానం, ప్రతిఫలం కల్పించినప్పుడే దరువు అర్థంతో సహా నిలుస్తుంది.