మెడనొప్పియు, అమైనో ఆమ్లముల మాత్రలును

ఖరగ్‌పూరునందు తెలుగువారు బెంగాల్-నాగపూర్ రైల్వే కాలము నుండియు స్థిరపడి యున్నారు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చిన కుటుంబములవారు తరతరములుగా రైల్వే కర్మాగారమునందును, రైళ్లమీదను పనిచేయుచు వచ్చిరి. ఇట్టి వృత్తులవారికి మెడనొప్పి క్రొత్తది కాదు. బండి క్రింద తల పైకెత్తి బోల్టులు బిగించువానికిని, యంత్రముపై గంటల తరబడి వంగి యుండువానికిని, రాత్రి డ్యూటీ దిగి పగలు నిద్రపట్టక పొరలువానికిని మెడ పట్టుట సామాన్యము. అందుచేతనే ఆ నొప్పికి మరియొక కారణ ముండవచ్చునని చాలమందికి తోచదు. నిద్రకనియు, బలమునకనియు, కండలకనియు నేడు విరివిగా అమ్ముడగుచున్న అమైనో ఆమ్లముల మాత్రలు, పొడులు అట్టి కారణములలో నొకటి కావచ్చును. ఇది అరుదైనదే, కాని ఎరిగి యుండవలసిన విషయము.

అమైనో ఆమ్లము లన నేమి?

మనము తిను మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లములుగా విడిపోవును. ఇవి 20 రకములు. వీనిలో తొమ్మిదింటిని శరీరము తనంత తాను తయారుచేసికొనజాలదు. అవి ఆహారమునుండియే రావలెను. బియ్యమునందు లైసిన్ అను ఆమ్లము తక్కువ. పప్పులందు అది సమృద్ధి. పప్పులందు కొరవడిన మెథియోనిన్ బియ్యమున లభించును. కావున పప్పును అన్నమును కలిపి తినువాడు ఒకదాని లోటును మరియొకదానితో పూరించుకొనుచున్నాడు. పాలు, గ్రుడ్లు, చేపలు తోడైనచో మరింత మేలు. 65 కిలోల బరువుగల పురుషునకు దినమునకు 54 గ్రాముల మాంసకృత్తులు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. కండలు పెంచుటకై ప్రోటీన్ పొడులు వాడవలదని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో హితవు చెప్పినది.

1989 నేర్పిన పాఠము

ఆహారమునందున్న పదార్థమే గదా, మాత్రగా మ్రింగిన హాని యేమని కొందరడుగుదురు. దీనికి ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లపు చరిత్రయే సమాధానము. నిద్రపట్టుటకై అమెరికాలో వేలాదిమంది దీనిని వాడుచుండిరి. 1989 అక్టోబరులో న్యూ మెక్సికో రాష్ట్రమున ముగ్గురు స్త్రీలు నిత్యకృత్యములను సైతము చేసికొనజాలనంతటి కండరముల నొప్పితో వైద్యులకడకు వచ్చిరి. ముగ్గురి రక్తమునందును ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మిక్కిలి పెరిగి యుండెను. ముగ్గురును ట్రిప్టోఫాన్ వాడినవారే. ఈ సామ్యమును వైద్యులు గుర్తించుటచేతనే వ్యాధి బయటపడినది. ఆ నవంబరులోనే ఆ మాత్రలను అంగళ్లనుండి వెనుకకు తెప్పించిరి. మొత్తముమీద 1500 మందికి పైగా రోగగ్రస్తులైరి. వారిలో 30 మందికి పైగా మరణించిరి. చాలవరకు రోగులు వాడినది ఒకే జపాన్ ఉత్పత్తిదారుని సరుకు. తయారీలో చేరిన మాలిన్యములపై అనుమానము బలపడినది. సీసాపై వ్రాసిన పేరు లోపలి పదార్థము నంతటిని తెలుపదని ఇందువలన స్పష్టమైనది.

మరియొక ప్రమాదము కలదు. మానసిక క్రుంగుబాటునకు మందు వాడువారు కొందరు ట్రిప్టోఫాన్‌ను గూడ తీసికొన్నచో వణకు, జ్వరము, కండరముల బిగువు కలుగవచ్చును. కావున వైద్యునకు తెలుపక రెంటిని కలుపరాదు.

మెడ నొచ్చినపుడు

మాత్రలు, పొడులు వాడువారు ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. నొప్పి మాత్ర మొదలిడిన తరువాత వచ్చినదా, ముందునుండియు నున్నదా? మాత్ర మానిన పిదప తగ్గినదా? పనియందు మార్పు, దెబ్బ, తలగడ వంటి వేరు కారణమేదైన నున్నదా? మరియే మందులు వాడుచుంటిరి? వీనికి సమాధానములు వ్రాసికొని, సీసాను గూడ వెంటగొని, ఆసుపత్రికి వెళ్లుడు. ఆవశ్యకమైనచో వైద్యుడు ఇయోసినోఫిల్ కణములను లెక్కించుటకు రక్తపరీక్ష చేయించును. 1989 నాటి వ్యాధిలో ఇవి ఘన మిల్లీమీటరునకు 1000కి మించి యుండెను.

మాత్ర మానిన వెంటనే నొప్పి తగ్గనంత మాత్రమున అది నిర్దోషి యని తలంపరాదు. ఆనాటి రోగులలో పలువురకు మానిన పిమ్మటను నెలల తరబడి బాధ నిలిచెను. తగ్గినదని మరల మ్రింగి పరీక్షించుటయు తగదు. ఐతే వైద్యుడే వ్రాసియిచ్చిన మాత్రను ఆయన ననుగక మానకుడు.

ఆలస్యము కూడని లక్షణములు

మెడ బిగిసి జ్వరము, తీవ్రమైన తలనొప్పి కలిగినను, చేయి తిమ్మిరెక్కి బలము తగ్గినను, మెడనుండి దవడకో ఎడమచేతికో నొప్పి ప్రాకి చెమటలు పోసినను, కండరముల నొప్పితోపాటు ఊపిరి ఆడకున్నను, దానిని డ్యూటీ అలసట యని ఉపేక్షింపక వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

దుష్ఫలితము కలిగెనని తోచినచో ఆ సంగతిని భారత ఔషధ నిఘా కార్యక్రమము వారికి 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్య ద్వారా రోగులును తెలుపవచ్చును. న్యూ మెక్సికోలో మూడు వేర్వేరు ఫిర్యాదులు ఒకచోట చేరుటవలననే వ్యాధి కారణము దొరకెను. మీరు తెలుపు ఒక్క సంగతియు మరియొకరి ప్రాణమును కాపాడవచ్చును.