బొమ్మల పుస్తకంలో జీతగాడు

గురుబరపల్లి వంటి ఊళ్లలో, తెలుగు ఇంటిమాటగా ఉన్న పిల్లలకు బానిసత్వం గురించి చెప్పబోతే మాటతోనే చిక్కు మొదలవుతుంది. తమిళంలో 'కొత్తడిమై' అంటే (మన 'కొత్త'తో దానికి సంబంధం లేదు) బానిస అన్న అర్థం పైకే కనబడుతుంది. తెలుగు 'జీతగాడు'లో కనబడదు. జీతం అనగానే పిల్లవాడికి తోచేది పంతులుగారి నెలజీతం. తండ్రి చేసిన అప్పుకు ఆసామి ఇంట 'జీతం ఉన్న' పశులకాపరి కాదు. పోనీ 'వెట్టి' అందామంటే అది కూలి లేని చాకిరి. అప్పుకు కట్టుబడటం వేరు.

అందుచేత మాట చెప్పలేనిదాన్ని బొమ్మ చెప్పాలి. అమెరికాలో 2007లో వచ్చిన 'హెన్రీస్ ఫ్రీడమ్ బాక్స్' చూడండి. 1849లో హెన్రీ బ్రౌన్ కొయ్యపెట్టెలో దాక్కొని, రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకు తన్ను తానే పార్సెలు చేయించుకున్న కథ అది. పెట్టె పసివాడికి ఇట్టే అర్థమవుతుంది. అప్పుకు అటువంటి ఆకారం లేదు. సంకెళ్లు గీస్తే అబద్ధమవుతుంది. ఆసామి పద్దుపుస్తకాన్ని పుటపుటకూ పెద్దది చేస్తూ, దాని నీడలో పిల్లవాడు పశువులను తోలుకుపోతున్నట్లు గీయవచ్చునని మా అభిప్రాయం.

"పారిపోలేదెందుకు?" అని పిల్లలు తప్పక అడుగుతారు. పారిపోతే అప్పు తండ్రి మీద అలాగే ఉంటుంది. 1976 నాటి చట్టం, 1975 అక్టోబరు 25 నుంచి వర్తించేటట్లు, మనిషిని విడిపించడంతో ఆగక ఆ అప్పునే రద్దు చేసింది. చివరి పుటలో ఖాళీ పద్దు గీయవలసింది అందుకే.