ఎడారి చూడాలంటే రాజస్థాన్ పోనక్కరలేదు
మల్దకల్ జాతర నుంచి హగరి దిబ్బల దాకా

తెలకపల్లి: ఎడారి అనగానే మనకు రాజస్థాన్, ఒంటెలు గుర్తుకు వస్తాయి. కానీ తెలుగు నేల మీదే, అనంతపురం జిల్లాలో, ఊళ్ల పక్కన ఇసుక దిబ్బలున్నాయి. మొన్నటి మార్గశిరంలో పొలం పనులు కొంత తీరిక కావడంతో ఈ విలేఖరి, మరి నలుగురు మిత్రులు జీపు మాట్లాడుకొని అవి చూసి వచ్చాము.

పున్నమికి జరిగే తిమ్మప్ప జాతర దారిలోనే కావడంతో మొదటి రాత్రి మల్దకల్‌లో ఆగాము. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ పల్లెలన్నీ అక్కడికే తరలివచ్చినట్టున్నాయి. బొరుగులు, మిఠాయిల దుకాణాలు, గాజుల అంగళ్లు, డప్పుల మోతతో రాత్రి పగలైంది. స్వామి గుడిని మించి ఎత్తు ఉండరాదని ఈ ఊళ్లో మేడలు కట్టరని అక్కడివారు చెప్పారు. రైతులు కలిసిన చోటల్లా ఒకటే మాట: ఈ ఏడు నీళ్లెట్లున్నాయి?

ఆ మాటకు అర్థం మర్నాడు తెలిసింది. కర్నూలు, గుంతకల్లు, ఉరవకొండ మీదుగా కణేకల్లు చేరి, బొమ్మనహాళ్ మండలంలోని దర్గా హొన్నూరు వైపు వెళ్లాము. ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి మళ్లు. మరో పక్క కనుచూపు మేర ఇసుక. మాలో ఒకడు దిబ్బ ఎక్కి ఫొటో దిగాలని ఉబలాటపడ్డాడు. ఆ దిబ్బ కింద ఒకప్పుడు తన చేను ఉండేదని అక్కడి ముసలి రైతు చెప్పగానే మా నవ్వులు ఆగిపోయాయి. గాలికాలంలో విత్తనం మీద ఇసుక కప్పేస్తే మళ్లీ విత్తుకోవాలట.

ఈ ఇసుక అంతా హగరిది. దానినే వేదవతి అంటారు. కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుట్టిన ఈ నదికి హిరియూరు వద్ద 1907లో వాణీవిలాస సాగరం, దిగువన భైరవానితిప్ప ప్రాజెక్టు కట్టారు. అసలే వానలు తక్కువైన సీమ. ఏరు ఏళ్ల తరబడి ఎండితే అడుగున ఉన్న ఇసుకకు తడి ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలులు దాన్ని ఎత్తి పొలాల మీద పోస్తాయి. నీరు పారిన ఏరు చేనును పండిస్తే, ఎండిన ఏరు చేనును మింగుతున్నది.

ఇది పరాయి ఊరి గోడు అనుకోరాదు. వేదవతి తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో కలుస్తాయి. ఆ నీరే శ్రీశైలం జలాశయానికి చేరితే, కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు వద్ద ఎత్తిపోసి మన ప్రాంతానికి తెచ్చుకుంటున్నాము.

మన దుందుభి వాగునూ చూసుకోవాలి. వాగులో ఇసుక పొర ఉంటేనే నీరు భూమిలో ఇంకి బావులకు, బోర్లకు చేరుతుంది. ట్రాక్టర్ల కొద్దీ తోడుకుపోతే ఊట తగ్గుతుంది, గట్లు కోసుకుపోతాయి. ఒడ్డున చెట్లు నరికితే గాలికి అడ్డం ఉండదు. హగరి ఒడ్డున ఇసుక ఎగిరి చేలు పోయాయి. ఇక్కడ ఇసుక తరలి బావులు పోకూడదు. అధికారులు నిఘా పెట్టడం ఎంత అవసరమో, వాగు ఒడ్డు గ్రామాల వారు గట్ల మీద చెట్లు పెంచి కాపాడుకోవడం అంతే అవసరం.

తిరుగు ప్రయాణంలో చెప్పులు దులిపితే హగరి ఇసుక రాలింది. దానిని చూసి ఈసారి ఎవరమూ నవ్వలేదు.