ఔషధవిద్య: తెరపై పాఠమును, చేతి పాఠమును

మన దేశమున విశ్వవిద్యాలయ స్థాయిలో ఔషధవిద్య 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందు మొదలైనది. మహాదేవలాల్ ష్రాఫ్‌గారు దానికి ఆద్యులు. 1948లో ఫార్మసీ చట్టము వెలసినది. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునను ఈ విద్య ప్రవేశించినది. గురువు కట్టెదుట చేసి నేర్చుకొనుటయే నాటినుండి పద్ధతి. 2020లో కరోనా వ్యాధివలన కళాశాలలు మూతపడగా పాఠములు ఆన్‌లైన్ మార్గము పట్టినవి.

ఆ అనుభవమును గూర్చి విద్యార్థుల అభిప్రాయములు ఒక్కతీరున లేవు. ఏది మేలని అడుగువారిని ముందుగా ఏ పాఠమునకని అడుగవలసియున్నది. మందు శరీరమున పనిచేయు తీరును తెలుపు ఫార్మకాలజీ వంటి పాఠములు తెరపై చక్కగా సాగును. రికార్డు చేసిన ఉపన్యాసమును ఆపి, వెనుకకు త్రిప్పి, మరల వినవచ్చును. మాతృభాషలో చదివి వచ్చి ఆంగ్లమున ఈ శాస్త్రము నభ్యసించువారికి ఇది చిన్న మేలు కాదు. కాని నెట్‌వర్క్ లేని పల్లెలలో, ఇంటికొక్క ఫోనున్న కుటుంబములలో అది అందని మ్రానిపండే.

ప్రయోగశాల మాట వేరు. ఫ్లాస్కులోని ఆమ్లమునకు ఫినాఫ్తలీన్ చేర్చి, బ్యూరెట్టునుండి క్షారమును బొట్టుబొట్టుగా విడువగా, కడపట ఒక్క బొట్టుతో ద్రవము లేత గులాబివన్నె దాల్చును. ఇంకను విడిచినచో రంగు ముదురును, లెక్క తప్పును. ఆ బొట్టుకడ ఆగవలెనని వీడియో చూచిన కంటికి తెలియును గాని వ్రేళ్లకు తెలియదు. అటులనే కొద్దిపాటి మందును ఎక్కువ పొడిలో కలుపునపుడు, సమభాగములుగా చేర్చుచు కల్వమున క్రమముగా నూరవలెను. లేనిచో ఒక పొట్లమున మందు హెచ్చి, వేరొకదాన తగ్గును. ఆ దోషఫలము ననుభవించునది రోగి. డి.ఫార్మసీకి పాఠములతోపాటు 500 గంటల ప్రత్యక్ష శిక్షణమును నిబంధనలు విధించుటలోని ఔచిత్యము ఇదియే.

మరియొక సంగతి మనబోటి ప్రవాసాంధ్రులకు ముఖ్యము. బళ్లారిలోనో, బరంపురములోనో మందులకొట్టునకు వచ్చిన ముదుసలికి ఏ మాత్ర భోజనమునకు ముందో, ఏది తరువాతనో ఆమె యింటిభాషలో చెప్పి, ఆమెకు బోధపడినదో లేదో ముఖము చూచి గ్రహించుటయు ఈ విద్యలో భాగమే. ఆ నేర్పు మనుష్యుల నడుమనే అలవడును.

కావున సిద్ధాంతమునకు తెర తోడ్పడవచ్చును. చేతిపనికి మాత్రము ప్రయోగశాలయే శరణ్యము. బిడ్డల నీ విద్యకు పంపు తల్లిదండ్రులు కళాశాల భవనములను చూచి మురియక, అచట విద్యార్థి తన చేతులతో వారమునకెన్ని గంటలు పనిచేయునో విచారించుట మేలు.