సైనికుని ఋణము ఒక్కసారితో తీరునది కాదు

యుద్ధము ముగిసిన దినమున రాజ్యములు సంధిపత్రముపై సంతకములు చేయును. ఫిరంగులు మౌనము వహించును. కాని సైనికుని నరములకు సంధిపత్రము లేదు. నలిగిన వెన్నును, తెగిన నరమును శాంతికాలమునందును పోరు సలుపుచునే యుండును.

ఈ సంగతిని లోకమునకు చక్కగా తెలిపినవాడు ఫిలడెల్ఫియా నగర వైద్యుడగు సైలస్ వియర్ మిచెల్. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో గుండుదెబ్బలచే నరములు చెడిన సైనికులను ఆయన పరీక్షించెను. గాయము మానినను దాని క్రింద మానని మంట యుండునని 1864లో సహచరులతో గూడి ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఆ మంటకు తాళలేక రోగులు చేతికి తడిగుడ్డ చుట్టుకొని మాటిమాటికి తడుపుకొనుచుండెడివారు. నాటి వైద్యుల చేతిలో మార్ఫియా తప్ప గట్టి సాధనము లేకుండెను. ఆ మందు నొప్పిని అణచుటతోపాటు మనిషిని తనకు బానిసను గావించునని చెప్పనక్కఱలేదు.

నూఱేండ్లకు గాని వేఱు మార్గము కనబడలేదు. వెన్నుపామునందు నొప్పికి ద్వారమువంటి యేర్పాటు కలదనియు, స్పర్శను తెలుపు నరములను ప్రేరేపించినచో ఆ ద్వారము మూతపడుననియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించిరి. 1967లో నార్మన్ షీలీ అను వైద్యుడు ఒక రోగి వెన్నుపాము చెంత విద్యుత్తును ప్రసరింపజేయు సాధనము నమర్చెను.

నేటి యంత్రము జేబుగడియారమంత యుండును. దానిని పిరుదు పైభాగమునగాని, పొట్ట ప్రక్కనగాని చర్మము క్రింద నమర్తురు. దానినుండి సన్నని తీగెలు వెన్నుపాము పొరకు వెలుపల చేరి స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేయును. నొప్పి పుట్టినచోటు దీనివలన బాగుపడదు. దాని కేక మాత్రము మెదడునకు మందగించి చేరును. ముందుగా తాత్కాలికపు తీగెలతో కొన్నిదినములు పరీక్షించి, నొప్పి చాలవఱకు తగ్గినవారికే శాశ్వతముగా అమర్తురు.

అయితే ఈ యంత్రమునకు ఆయువు కలదు. బ్యాటరీ కొన్నియేండ్లకు క్షీణించును. చర్మముమీదుగా విద్యుత్తు నింపదగినది మఱికొంతకాలము నిలుచునుగాని, అదియు చిరంజీవి కాదు. అప్పుడు పాత మచ్చను మఱల కోసి, పెట్టెను తీసి, క్రొత్తదానిని పాత తీగెలకే తగిలించి, పనిచేయుట చూచుకొని కుట్లు వేయుదురు. తీగెలు చెడినచో శస్త్రచికిత్స పెద్దది యగును. పుండు చీము పట్టినచో సాధనమంతయు తీసివేయవలసి రావచ్చును. ఏండ్లతరబడి సుఖముగా నిద్రించిన సైనికుడు బ్యాటరీ క్షీణించిన దినమున మఱల పాతశత్రువునకు చిక్కును. యుద్ధము ముగిసి ఎన్ని యేండ్లయినను అతని నొప్పికి కాలము చెల్లదు.

ఈ సాధనమును సర్వరోగనివారిణిగా పొగడుట మా యుద్దేశము కాదు. నడుమునొప్పికి దీనివలన దీర్ఘకాలమున లాభము కలుగునని నిరూపించు ఆధారములు చాలవని కోక్రేన్ పండితుల సమీక్ష 2023లో తేల్చినది. కావున క్రొత్తగా అమర్చునపుడు వైద్యులు విచక్షణ చూపవలెను. కాని ఈ వాదమును సాకుగా గొని, యంత్రమువలన మేలు పొందుచున్న సైనికునకు రెండవ పెట్టెను నిరాకరించుట ధర్మము కాదు. గుణము కనబడినదా లేదా యని అతనినే అడిగి నిర్ణయింపవలెను.

అమెరికాలో మాజీసైనికుల వైద్యమునకై ప్రత్యేకశాఖయే కలదు. 1930లో ఏర్పడిన ఆ సంస్థ 1989లో మంత్రివర్గస్థాయి నందెను. మన దేశమునను 2003 ఏప్రిల్‌లో మాజీసైనికుల చందా ఆరోగ్యపథకము ఆరంభమైనది. కావున ఈ ప్రశ్న పరదేశమునకే చెందినది కాదు. తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపుచున్న పశ్చిమగోదావరి మాధవరమువంటి గ్రామములు మనకును కలవు.

చెరువు త్రవ్వించుటతో పని ముగిసెనని తలచి కట్ట మరమ్మతును మఱచిన గ్రామము ఏమగునో మన రైతులెఱుగుదురు. పతకమిచ్చుట, తొలి శస్త్రచికిత్స చేయించుట చెరువు త్రవ్వించుటవంటివి. బ్యాటరీ క్షీణించినపుడెల్ల, అర్జీలతో ఆఫీసుల చుట్టు త్రిప్పక, వేళకు క్రొత్తది అమర్చుట కట్టను కాచుటవంటిది. సైనికుడు దేశమునకు తన శరీరమును వాయిదాలలో ఇచ్చినవాడు కాడు. దేశము తన ఋణమును వాయిదాలలో తీర్చవచ్చును. కాని ఒక్క వాయిదాయైనను తప్పరాదు.