"బాగుంది రా" అంటే సరిపోదు మావయ్యా!

ప్లెయిన్స్‌బరోలో మా అక్కావాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగితే ముందు సోనా మసూరి బస్తాలు, వాటి వెనక ఆవకాయ జాడీలు, ఆ వెనక డ్రమ్స్ సెట్టు కనిపిస్తాయి. ఆ డ్రమ్స్ మా మేనల్లుడివి. వాడికి పంతొమ్మిదేళ్లు, కాలేజీలో రెండో ఏడు. ఇంకో ముగ్గురు కుర్రాళ్లతో కలిసి బ్యాండ్ కట్టాడు. ఈ మధ్య ఏడు పాటలు రికార్డు చేసి, ఓ శనివారం నన్ను కిందికి పిలిచి, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ముప్ఫై నాలుగు నిమిషాలు విన్నాను. తీసి పక్కన పెట్టి "బాగుంది రా" అన్నాను.

వాడి మొహం మాడిపోయింది. "మావయ్యా, సైట్‌లో శ్లాబ్ చూసి కూడా ఇలాగే బాగుంది అనేసి వచ్చేస్తావా?" అన్నాడు.

చెప్పొద్దూ, నాకు గట్టిగానే తగిలింది. నేను కాకినాడలో సివిల్ డిప్లొమా చదివి, హైదరాబాద్‌లో, ఆ తర్వాత దుబాయ్‌లో పనిచేసి ఇక్కడికి వచ్చిన వాణ్ణి. టర్న్‌పైక్ ఎగ్జిట్ 8ఏ చుట్టుపక్కల కడుతున్న గోడౌన్ల దగ్గర సూపర్‌వైజర్‌ని. పని అయిపోయాక బిల్డింగ్ అంతా తిరిగి, ఎక్కడ గోడ మట్టం తప్పింది, ఎక్కడ కాంక్రీటు తేనెపట్టులా గుల్లబారింది, ఏ తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు అని ఒక చిట్టా రాస్తాం. ఇక్కడ దాన్ని పంచ్ లిస్ట్ అంటారు. ఆ చిట్టా రాసినందుకు ఇంతవరకూ నన్ను ఎవరూ శత్రువులా చూడలేదు. రాయకపోతేనే తిడతారు. మరి పాట దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఎందుకు కట్టుబడిపోయింది?

ఆలోచిస్తే ఇది నా ఒక్కడి జబ్బు కాదు. ఇక్కడ మన సభల్లో ఎవరైనా సీడీ విడుదల చేస్తే శాలువా కప్పుతాం, "అద్భుతం" అంటాం, భోజనాలకి లేస్తాం. ఆ సీడీ మళ్లీ ఎవరి కారులోనూ మోగదు. పాడినవాళ్లకి శాలువా మిగులుతుంది కానీ రెండో పాట చరణంలో శ్రుతి జారిందన్న సంగతి ఎప్పటికీ తెలియదు. మన పేపర్లలో కూడా పాటల గురించి రాసేది సినిమా రివ్యూలో ఓ ముక్కే కదండీ: "సంగీతం పర్వాలేదు". ఆల్బమ్‌ని ఆల్బమ్‌గా కూర్చోబెట్టి తూకం వేసిన వాళ్లు మనలో బహు తక్కువ. ఆ తక్కువలో ముందు చెప్పుకోవాల్సింది వి.ఎ.కె. రంగారావు గారిని. వేలాది గ్రామఫోన్ రికార్డులు కూడబెట్టి, ఒక్కొక్కటీ విని, మొహమాటం లేకుండా రాశారాయన. 'ఆలాపన' చదివితే తెలుస్తుంది, పాట మీద నిజమైన ప్రేమ ఉన్నవాడే దాని తప్పు ఎత్తిచూపగలడని.

ఇండీ అంటే ఏంటి మావయ్యా అని మీరెవరైనా అడగొచ్చు. ఇండిపెండెంట్ అన్నమాటకి పొట్టి పేరు. పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా, ఎవరి పాట వాళ్లు కట్టుకుని వాళ్లే తెచ్చుకునేది. సినిమాతో సంబంధం లేని పాటని మన పెద్దలు 'ప్రైవేటు రికార్డు' అనేవారు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు ఘంటసాల పాడినది అలాంటిదే. 1974లో ఆయన పోయాక వచ్చిన 'భగవద్గీత' కూడా అంతే. కంపెనీ పెద్దదే అయినా, సినిమా కథకి, హీరో కాల్షీట్‌కి లొంగని పాటలవి. కాబట్టి ఈ కుర్రాళ్లు చేస్తున్నది మనకి కొత్తేమీ కాదు, మనం మరిచిపోయిందంతే.

నాకు ఈ పాటల పిచ్చి పట్టించింది రేడియో. పొద్దున్న ఐదున్నరకి పికప్ ట్రక్కు ఎక్కితే ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నుంచి వచ్చే డబ్ల్యూపీఆర్‌బీ, 103.3 ఎఫ్ఎం పెడతాను. విద్యార్థులూ చుట్టుపక్కల వలంటీర్లూ నడిపే స్టేషన్. ఎప్పుడు ఏం వేస్తారో తెలియదు. మొదట్లో తలనొప్పిగా ఉండేది, ఆర్నెల్లకి అలవాటైంది. ఆదివారాలు ప్రిన్స్‌టన్‌లో సౌత్ ట్యులేన్ స్ట్రీట్‌లో ఉన్న ప్రిన్స్‌టన్ రికార్డ్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లడం కూడా అలాగే మొదలైంది. 1980లో పెట్టిన కొట్టు అది. పాత సీడీలు చవగ్గా దొరుకుతాయి. మా ఆవిడ దాన్ని "మీ ఆయుర్వేదం కొట్టు" అంటుంది, వెళ్లినప్పుడల్లా రెండు గంటలు పడుతుందని.

ఇక అమెరికాలో ఆల్బమ్‌ని తూచడం ఎంత ముదిరిందంటే, దానికి మార్కులు కూడా వేస్తారు. రాబర్ట్ క్రిస్ట్‌గావ్ అనే ఆయన 1969 నుంచి విలేజ్ వాయిస్ పత్రికలో స్కూలు మాస్టారిలా ఏ, బి, సి గ్రేడులు వేశాడు. 1996లో మొదలైన పిచ్‌ఫర్క్ అయితే పదికి దశాంశాల్లో వేస్తుంది. 2003లో లిజ్ ఫెయిర్ అనే గాయని తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌కి సున్నా వేసింది. సున్నా అంటే సున్నాయే! 2021లో అదే పిచ్‌ఫర్క్ కొన్ని పాత మార్కులు మార్చింది, అందులో ఆవిడ సున్నా కాస్తా ఆరయింది. పద్దెనిమిదేళ్లు ఆ సున్నా మోసిన మనిషికి ఆ ఆరు ఏం చేసుకోవాలో నాకైతే అర్థం కాలేదు. 2024 జనవరిలో ఆ పిచ్‌ఫర్క్‌నే తీసుకెళ్లి జీక్యూ అనే మగవాళ్ల ఫ్యాషన్ పత్రికలో కలిపేశారు.

అల్లుడు అన్న మాట మనసులో పెట్టుకుని ఓ నెలపాటు నేను కూడా చిట్టా పుస్తకం పట్టుకుని కొత్త ఆల్బమ్‌లు విన్నాను. నచ్చినా నచ్చకపోయినా కారణం రాయాలి అని నియమం.

మొదటిది గీస్ అనే బ్రూక్లిన్ బ్యాండ్ 2025 సెప్టెంబర్‌లో తెచ్చిన 'గెట్టింగ్ కిల్డ్'. వీళ్లంతా ఇరవైల్లో ఉన్న పిల్లలు. కెమెరాన్ వింటర్ అనే కుర్రాడు పాడతాడు. ఆ గొంతు ముందు చిరాకు పుట్టిస్తుంది. మాట ముద్దముద్దగా ఉంటుంది, సగం సాహిత్యం అర్థం కాదు, నిద్రలో లేపినట్టు మూలుగుతాడు, ఉన్నట్టుండి అరుస్తాడు. మొదటి పాట వినగానే ఆపేశాను. మూడో రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మొత్తం విన్నాను. అప్పుడు తెలిసింది, గొంతు పక్కకి ఒరిగినప్పుడల్లా డ్రమ్స్ దాన్ని పట్టుకుని నిలబెడుతోంది. సెంట్రింగ్ గట్టిగా ఉంటే పైన కాంక్రీటు ఎలా పోసినా నిలుస్తుంది చూడండి, అలాగ. అయినా అన్ని పాటల్లోనూ అదే ఎత్తుగడ, చివరికొచ్చేసరికి ఊపు పెంచి హోరెత్తించడం. నా చిట్టాలో అది తప్పుగానే రాశాను.

రెండోది కొత్తదీ, పాతదీ. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో మాకు దగ్గర్లోనే, కోల్ట్స్ నెక్‌లో అద్దె ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద కొన్ని పాటలు పాడుకున్నాడు. బ్యాండ్‌కి నేర్పడానికి నమూనాగా. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో చేస్తే అవి ఆయనకి నచ్చలేదు, ఆ క్యాసెట్‌నే 'నెబ్రాస్కా' పేరుతో విడుదల చేశాడు. 2025 అక్టోబర్‌లో పెట్టె విప్పి, అప్పుడు పక్కన పెట్టిన బ్యాండ్ రికార్డింగ్‌లు కూడా బయటికి వదిలారు. నలభై మూడేళ్లు అభిమానులు కలవరించిన సరుకు. విన్నాను. వాయింపు బాగుంది, ఊపు ఉంది, కానీ ఆ పాటల్లో మనుషులు ఉద్యోగాలు పోయి, అప్పుల్లో మునిగి, ఎవరూ లేని రోడ్డు మీద కారు నడుపుకుంటూ పోయే వాళ్లు. చుట్టూ బ్యాండ్ చేరగానే వాళ్లకి తోడు దొరికినట్టయింది, ఆ ఒంటరితనం కాస్తా పోయింది. ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేసిన గోడే ఆ ఇంటికి అందం. ఈ పెట్టె కొనకపోయినా నష్టం లేదు, పాత సీడీ చాలు.

మూడోది మనకి దగ్గరిది. సిద్ శ్రీరామ్ తమిళ కుటుంబంలో చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పెరిగి, తల్లి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడు. 2018లో 'గీత గోవిందం', 2020లో 'అల వైకుంఠపురములో', 2021లో 'పుష్ప' పాటలతో మన ప్రతి పెళ్లి వీడియోలోకీ వచ్చేశాడు. ఆయన తెలుగు ఉచ్చారణ గురించి మనవాళ్లు పెట్టిన గోల తక్కువేం కాదు. ఆ మనిషే 2023 ఆగస్టులో డెఫ్ జామ్ కంపెనీ ద్వారా 'సిద్ధార్థ్' అని ఇంగ్లిష్ ఆల్బమ్ తెచ్చాడు. రయన్ ఓల్సన్ అనే ఆయన నిర్మాత. 2024లో కోచెల్లా పండగలో కూడా పాడాడు. నేను ఇక్కడ వెళ్లిన ఒక్క పార్టీలో కూడా ఆ ఆల్బమ్ మోగగా వినలేదు. సినిమా పాట పాడితే నెత్తిన పెట్టుకున్న వాళ్లం, ఆయన సొంత మాట చెప్పుకుంటే పట్టించుకోలేదు.

అలాగని ఆల్బమ్ లోపం లేనిదా అంటే కాదు. గొంతు మీద గొంతు, మిషను శబ్దం మీద మిషను శబ్దం, పొర మీద పొర వేశారు. ఆ మందంలో ఆయన గమకం ఊపిరాడక కొట్టుకుంటుంది. ఎక్కడ వాయిద్యాలు తగ్గించి గొంతుని వదిలేశారో, అక్కడ ఫ్రీమాంట్ కుర్రాడూ, పొద్దున్నే తల్లి ముందు కూర్చుని సాధన చేసిన పిల్లాడూ ఒకే స్వరంలో వినిపిస్తారు. అలాంటి నిమిషాలు ఇంకో పది ఉంటే బాగుండేది. ఇంగ్లిష్‌లో పాడుతుంటే ఉచ్చారణ గోల లేదు కాబట్టి, మొదటిసారి గొంతు ఒక్కదాన్నే వినగలిగాను.

ఇక అల్లుడి ఏడు పాటలు. ఈసారి పుస్తకం పట్టుకుని వెళ్లాను. మొదటి మూడింటిలో డ్రమ్స్ గొంతుని మింగేస్తున్నాయి. నాలుగోది గీస్ వాళ్లని విని రాసిందని దొరికిపోతోంది. ఐదోది నిజంగా బాగుంది, రూట్ 1 మీద రాత్రిపూట పెట్రోలు బంకుల్లో పనిచేసే మనుషుల గురించి. ఆరోది ఎందుకుందో తెలియదు, తీసెయ్యమన్నాను. వాడు ఒక్కొక్కటీ రాసుకున్నాడు, మొహం మాత్రం మాడలేదు.

ఏడోది తెలుగులో పాడాడు. అది అసలు విషయం. ఆ పాట మా అమ్మ గొంతుతో మొదలవుతుంది. "ఏరా బాబూ, తిన్నావా? ఇక్కడ తెగ వాన రా…" అంటూ వాట్సాప్‌లో వాడికి పంపిన మెసేజి. 2021 మేలో అమ్మ పోయింది. అప్పుడు వెళితే నా వీసా మీద తిరిగి రానిచ్చే పరిస్థితి లేదు. నేను వెళ్లలేదు, అంత్యక్రియలు ఫోన్‌లో చూశాను. మొదటిసారి నేను "బాగుంది రా" అనేసి లేచింది ఈ పాట అవ్వగానే.

ఈసారి చెప్పాను. "అమ్మ గొంతు పెడితే నేను ఏడుస్తాను, మీ అమ్మ ఏడుస్తుంది. అది నీ పాట గొప్పతనం కాదు. ఆవిడని అడక్కుండా ఆవిడతో ఏడిపిస్తున్నావు. పైగా ఆవిడ చివరి మాట పూర్తవకుండానే గిటార్ వచ్చి కప్పేసింది." అన్నాక, ఎక్కువైందేమో అనిపించింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాట మళ్లీ పెట్టి, "ఈసారి డ్రమ్స్ మీద దృష్టి పెట్టి విను మావయ్యా" అన్నాడు. విన్నాను. అమ్మ మాట్లాడే తీరు మీకు చెప్పాలి, రెండు ముక్కలు గబగబా అని, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంటుంది, ఎవరో వంటింట్లోకి పిలిచినట్టు. డ్రమ్స్ సరిగ్గా ఆ నడకనే ఉన్నాయి. గొంతు ఆగిపోయాక కూడా పాట చివరి వరకూ అదే నడక. నేను మొదటిసారి ఆ సంగతి పట్టుకోలేదు. పుస్తకంలో రాసింది కొట్టేసి మళ్లీ రాశాను. కప్పేసిన చివరి మాట గురించి రాసింది మాత్రం కొట్టలేదు. అది వాడూ ఒప్పుకున్నాడు, మళ్లీ మిక్స్ చేస్తానన్నాడు.

ఆల్బమ్ వచ్చే నెల వస్తుంది. ఆరో పాట తీసేశారు. ఏడోది ఉంచాలా వద్దా అన్నది మా అక్క విని చెప్పాలని వాడి షరతు. అక్క ఇంకా వినలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి బేస్‌మెంట్‌లోకి దిగడం మానేసింది. బియ్యం కావాలన్నా బావనే పంపిస్తోంది.